ఎనిమిది చుక్కల లెక్క

"సార్, టీవీ మూల మీద 4కే అనే ఉంది. ఆకాశం నున్నగా బాగానే కనపడుతోంది. కెమెరా మిరప కల్లం మీదికి రాగానే కాయలన్నీ అలుక్కుపోయి ఎర్ర ముద్దలా అవుతున్నాయి. ఎందుకు?"

పదో తరగతికి త్రికోణమితి చెబుతుండగా ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఓటీటీలో ఏదో పాట చూసి వచ్చింది. మా దాచేపల్లి పిల్లలకు కల్లంలో కాయ ఎలా ఉంటుందో ఒకరు చెప్పాల్సిన పని లేదు. తొడిమ, ముడత, తాలు కాయ మీది తెల్లమచ్చ దాకా వాళ్ల కళ్లకు తెలుసు. అందుకే తేడా పట్టేసింది. ఆమె అడిగినదానికి జవాబు అప్పటికే బోర్డు మీద ఉంది. దాని పేరు కొసైన్.

ముందు ఒక గుణకారం చేద్దాం. 4కే తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం సుమారు 83 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. రంగుకు 10 బిట్ల చొప్పున 30 బిట్లు. సినిమా సెకనుకు 24 బొమ్మలు. అన్నీ గుణిస్తే సెకనుకు దాదాపు 600 కోట్ల బిట్లు. ఇక దారి చూడండి. కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు ఫైబర్ లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయల మొదటి ప్యాకేజీలో వేగం సెకనుకు 15 మెగాబిట్లు, అంటే కోటిన్నర బిట్లు ఉండేది. 4కే సినిమాకు కావాలని నెట్‌ఫ్లిక్స్ చెప్పే వేగం కూడా ఆ పదిహేనే. 600 కోట్లకు కోటిన్నర! నాలుగు వందల బిట్లలో ఇంటికి వచ్చేది ఒక్కటి. మిగతా 399 లేకుండానే మనం సినిమా చూసి, హీరో కంట్లో నీళ్లు కూడా కనపడ్డాయని చెప్పుకుంటున్నాం. ఈ వింత నన్ను ఎన్నాళ్లయినా వదలదు.

ఆ 399లో సగం మొదటి అడుగులోనే పోతాయి. మన కన్ను వెలుతురులో చిన్న తేడాను కూడా పసిగడుతుంది, రంగులో తేడాను అంత చురుగ్గా పట్టుకోలేదు. అందుకని వెలుతురును ప్రతి చుక్కకూ ఉంచి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకటిగా కుదిస్తారు. చాలా బొమ్మల్లో ఈ కోత తెలియనే తెలియదు. కానీ ఎరుపుకు ఇక్కడ అన్యాయం జరుగుతుంది. హెచ్‌డీ లెక్కలో వెలుతురు కట్టేటప్పుడు ఆకుపచ్చకు 72 వంతులు, ఎరుపుకు 21, నీలానికి 7 వేస్తారు. అంటే పచ్చని పత్తి ఆకు అంచు వెలుతురు లెక్కలో గట్టిగా నిలబడుతుంది. పండు మిరపకాయ అంచు చాలావరకు రంగు లెక్కలోకి పోతుంది, ఆ రంగు లెక్కనే కదా ముందు కోసింది! తెర మీద మిరప ముందుగా దెబ్బతినడానికి ఇది మొదటి కారణం. రెండోది ఇంకా ఆసక్తికరం.

ఇంకా 300 కోట్లు మిగిలాయి. ఇక్కడే కొసైన్ వస్తుంది. బొమ్మలో వరసగా ఎనిమిది చుక్కలు తీసుకోండి. వాటి వెలుతురు 100, 104, 108, 112, 116, 120, 124, 128 అనుకుందాం. సాయంత్రం ఆకాశంలో ఇలా మెల్లగా పెరిగే వరసలే ఉంటాయి. వీటిని ఉన్నవి ఉన్నట్టు పంపితే ఎనిమిది అంకెలు. అలా పంపకుండా, ముందే నిర్ణయించిన ఎనిమిది అలలను ఏ పాళ్లలో కలిపితే ఈ వరస వస్తుందో ఆ పాళ్లు పంపుదాం. మొదటి అల చదును, అది సగటు చెబుతుంది. రెండోది ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒక్కసారి మాత్రమే దిగుతుంది. మూడోది దిగి మళ్ళీ లేస్తుంది. అలా వేగం పెరుగుతూ పోయి, ఎనిమిదో అల చుక్క చుక్కకూ పైకీ కిందికీ ఎగురుతుంది. అన్నీ కొసైన్ అలలే.

మన వరసకు పాళ్లు కడితే వచ్చేవి ఇవి: 322, −26, 0, −3, 0, −1, 0, 0. ఒక్కసారి ఆగి చూడండి. ఎనిమిది అంకెల్లోని సరుకంతా మొదటి రెండింటిలోకి వచ్చి కూర్చుంది. చివరి ఆరింటినీ సున్నా అనుకుని, 322, −26 మాత్రమే పంపి, అవతలి చివర బొమ్మను తిరిగి కడితే 101, 103, 107, 111, 116, 121, 125, 127 వస్తాయి. 256 మెట్ల వెలుతురులో ఎక్కడా ఒకటిన్నర మెట్టుకు మించి తేడా లేదు. ఏ కన్నూ దీన్ని పట్టుకోలేదు. పిల్లలు కాల్‌క్యులేటర్ పట్టుకుని స్వయంగా కట్టి చూసుకోగల లెక్క ఇది. మా క్లాసులో కట్టించాను కూడా.

అలలుగా విడగొట్టడం కొత్త సంగతి కాదు కదా, గణితవేత్త ఫోరియర్ అది చేసి ఎన్నో ఏళ్లయింది కదా అని గణితం చదివినవాళ్లు అడుగుతారు. ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పోటీ ఉంది. అదే వరసను ఫోరియర్ పద్ధతికి ఇస్తే సగటు పోను మిగిలిన అలల బలం 15, 8, 6, 6 దగ్గర ఉంటుంది. అన్నిటికన్నా వేగమైన అల కూడా 6 దగ్గర నిలబడింది, దేన్నీ వదిలేయడానికి లేదు. ఇంత నున్నటి వరసలో అంత వేగమైన అల ఎక్కడ నుంచి వచ్చింది? ఒక చివర లేతగా, ఇంకో చివర ముదురుగా రంగు వేసిన తువ్వాలు ఊహించుకోండి. ఫోరియర్ ఆ తువ్వాలు రెండు చివరలనూ కలిపి కుట్టి గుండ్రంగా చేస్తాడు. కుట్టు దగ్గర ముదురు వచ్చి లేతను గుద్దుకుంటుంది. బొమ్మలో లేని ఆ గీతను చూపించడానికి వేగమైన అలలన్నీ కావాల్సి వస్తాయి. కొసైన్ పద్ధతి కుట్టదు, అంచు దగ్గర మడత పెడుతుంది. మడత దగ్గర ముదురు పక్కన ముదురే, లేత పక్కన లేతే. గీత లేదు కాబట్టి వేగమైన అలల పని లేదు. ఇంత పెద్ద పరిశ్రమ ఇవాళ నిలబడింది ఆ మడత మీదే.

ఈ మడతను పట్టుకున్నది బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్. అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగాడు. ఇవ్వలేదు. పరిశీలించినవారిలో ఒకరు ఆలోచన మరీ తేలికగా ఉందన్నట్టు రాశారని ఆయనే తర్వాత గుర్తు చేసుకున్నాడు. అయినా వదలకుండా 1973 వేసవి అంతా జీతం లేకుండా దీని మీదే కూర్చున్నాడు. తోడు నిలిచినవారు ఇద్దరు. ఒకరు ఆయన విద్యార్థి నటరాజన్. ఇంకొకరు మన కామిశెట్టి రామమోహనరావు. ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడకముందే, 1952లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో పట్టా తీసుకుని, తర్వాత అమెరికా వెళ్లి, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పిన ఆచార్యుడు. పరిశోధక లోకం ఆయనను కె.ఆర్. రావు అంటుంది. ముగ్గురూ కలిసి 1974 జనవరిలో అచ్చు వేసిన వ్యాసం నాలుగే పేజీలు. కార్‌హునెన్-లోవ్ అనే పద్ధతి సిద్ధాంతపరంగా అన్నిటికన్నా గొప్పది, కానీ ప్రతి బొమ్మకూ అలలను కొత్తగా కట్టుకోవాలి, ఆ అలలనూ బొమ్మతో పాటు పంపాలి. వీరి కొసైన్ అలలు ఎప్పటికీ ఒకటే, ఫలితం మాత్రం దాని వెంటే నడుస్తుందని ఆ నాలుగు పేజీల్లో చూపించారు. రావు ఆ తర్వాత ఈ పద్ధతి మీద పుస్తకాలు రాసి, తరాల ఇంజనీర్లకు నేర్పి, 2021 జనవరిలో కన్నుమూశాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ప్రతి తెలుగు ఇంట్లో ప్రతి రాత్రీ ఆయన లెక్క నడుస్తోంది.

మళ్ళీ కల్లం దగ్గరికి. ఎనిమిది చుక్కల వరస బదులు ఎనిమిదికి ఎనిమిది గడి తీసుకుంటే 64 అలల నమూనాలు వస్తాయి. ప్రతి గడికీ పాళ్లు కట్టి, ఒక్కో పాలును ఒక అంకెతో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సరిపెడతారు. వేగమైన అలలకు పెద్ద భాజకం. 3ను 20తో భాగిస్తే సున్నా. బొమ్మ నాణ్యత అంతా ఈ భాజకం చేతిలో ఉంది. మొదట చేసిన రంగు కోత పోను, బొమ్మకు నిజంగా నష్టం జరిగేది ఈ ఒక్క అడుగులోనే, ముందు జరిగిన కొసైన్ లెక్కలో పోయేది ఏమీ లేదు. ఆకాశం గడిలో మొదటి రెండు మూడు పాళ్లే ఉంటాయి, పెద్ద భాజకం పడినా దానికి నొప్పి తెలియదు. కల్లం గడిలో కాయ, నీడ, తొడిమ, మళ్ళీ కాయ. 64 పాళ్లూ నిండుగా ఉంటాయి. దారి ఇరుకైనప్పుడు భాజకం పెంచక తప్పదు, అప్పుడు వేగమైన అలలు సున్నాలై కాయల మధ్య గీతలు చెరిగిపోతాయి. ఇంకా పెంచితే సగటు ఒక్కటే మిగిలి, తెర గళ్లు గళ్లుగా పగులుతుంది. ఆ అమ్మాయి చూసిన ఎర్ర ముద్ద ఇదే.

దీనికి కదలిక లెక్క తోడవుతుంది. ప్రతి బొమ్మనూ మొదటినుంచి పంపరు. కిందటి బొమ్మలో ఏ గడి ఎటు జరిగిందో చెప్పి, సరిపోని తేడాను మాత్రం కొసైన్లలో పెట్టి పంపుతారు. నిలకడగా ఉన్న గోడకు ఖర్చు దాదాపు లేదు. పొగ, వాన, కృష్ణ నీటి మీద తళతళ, జాతరలో చల్లే రంగు పొడి, వీటికి కిందటి బొమ్మ పనికిరాదు. అందుకే మన పాటల్లో రంగులు చల్లినప్పుడల్లా బొమ్మ మెత్తబడుతుంది.

తర్వాత కథ త్వరగానే చెప్పుకోవచ్చు. 1988లో వీడియో ఫోన్ల కోసం హెచ్.261, 1992లో ఫొటోలకు జేపెగ్, ఆ వెనకే మన ఊళ్లలో అద్దెకు తెచ్చుకున్న వీసీడీలకు ఎంపెగ్-1, డీవీడీలకూ డిష్షులకూ ఎంపెగ్-2, 2003లో హెచ్.264. అన్నిటి కడుపులోనూ కొసైనే. 2013లో 4కే కోసం వచ్చిన హెచ్‌ఈవీసీలో గడి 32కు 32 దాకా పెరిగింది, ఆకాశానికి ఇక పండగే. కానీ దాని పేటెంట్లు ఒకటికి మించిన గుంపుల చేతుల్లో చిక్కుకున్నాయి. విసిగిన గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ తదితరులు 2015లో కూటమి కట్టి, 2018లో రాయల్టీ అడగని ఏవీ1ను విడుదల చేశారు. అందులో గడి 64 దాకా వెళుతుంది.

ఇంట్లో 4కే చూసేవారికి ఇందులోంచి తేలేది ఒకటుంది. 4కే అనేది చుక్కల లెక్క. ఆ చుక్కల్లోకి ఎంత బొమ్మ చేరిందో అది చెప్పదు. ఓటీటీ వాళ్లు ఒకే సినిమాను రకరకాల బిట్‌రేట్లలో, కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పెట్టుకుంటారు. వీధిలో అందరూ సినిమాలు పెట్టుకునే రాత్రి వేళ దారి ఇరుకైతే టీవీ చప్పుడు చేయకుండా తక్కువ బిట్ల ముక్కకు దిగుతుంది. అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్కు నుంచి సెకనుకు 100 మెగాబిట్లకు పైగా రాగలవు, అదే సినిమా నెట్‌లో 15, 20 దగ్గర వస్తుంది. రెండింటి మీదా రాసేది 4కేనే. పైగా 43 అంగుళాల టీవీకి ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే, మంచి చూపున్న కన్ను కూడా ఫుల్ హెచ్‌డీ చుక్కలనే విడివిడిగా చూడలేదు. మన ముందు గదుల్లో మంచం ఎనిమిది పది అడుగుల దూరంలో ఉంటుంది. అందుకే బిట్లు కరువైన 4కే కన్నా, బిట్లు నిండుగా ఉన్న ఫుల్ హెచ్‌డీనే నేను కోరుకుంటాను. 4కేతో వచ్చే 10 బిట్ల రంగు మాత్రం ఏ దూరం నుంచైనా తెలుస్తుంది. 256 మెట్ల చోట 1024 మెట్లుంటే చీకటి సీన్లలో, సంధ్యవేళ ఆకాశంలో వచ్చే చారలు పోతాయి.

ఇక పాత సినిమాలు. 2022 ఆగస్టులో 'పోకిరి'ని 4కే చేసి థియేటర్లలో మళ్ళీ వేశాక, ఆ దారిలో చాలా వచ్చాయి. ఫిల్ము మీద తీసిన సినిమాలో ప్రతి బొమ్మ నిండా నలుసులు కదులుతుంటాయి, ఫిల్ము అందం అదే. నలుసు బొమ్మ బొమ్మకూ మారుతుంది, కొసైన్‌కు అంతకన్నా కష్టం లేదు. బిట్లు చాలనప్పుడు నలుసుతో పాటు నటుల చర్మం కూడా మైనంలా నున్నబడిపోతుంది. ఏవీ1 దీనికి ఒక ఉపాయం పెట్టింది. పంపేముందే నలుసులను వేరు చేసి, అవి ఎంత ముతకగా ఉన్నాయో, చీకట్లో ఎంత, వెలుతురులో ఎంత అన్న కొద్ది అంకెలు మాత్రం పంపుతుంది. ఇంట్లో టీవీలోని చిప్పు ఆ అంకెల ప్రకారం కొత్త నలుసులు పుట్టించి బొమ్మ మీద చల్లుతుంది. అవి ఛాయాగ్రాహకుడు పట్టిన నలుసులు కావు, అయినా మొహం మళ్ళీ మొహంలా కనిపిస్తుంది.

ఓటీటీ సంస్థలను నేను కోరేది ఒకటే. ఎన్ని మెగాబిట్లు వస్తున్నాయో ప్లేయర్‌కు ప్రతి క్షణం తెలుసు. దాన్ని బట్టే కదా అది ముక్కలను ఎంచుకుంటోంది. తెర మూల మీద 4కే అని రాసే చోటే ఆ అంకెనూ రాయండి. డబ్బు కట్టి చూసేవారికి తమ ఇంటికి చేరింది ఏ ముక్కో తెలియాలి.