ఇంటనే ఆఫీసు – లాభనష్టములు

మా పూర్వవిద్యార్థిని తండ్రిగారొకరు మా యొద్దకు వచ్చి, "అయ్యా, అమ్మాయికి ఉద్యోగము వచ్చినది. కాని ఆ కంపెనీకి ఆఫీసే లేదట, అందఱును ఇండ్లనుండియే పనిచేయుదురట. చేర్పింపవచ్చునా?" అని అడిగిరి. ఈ సంశయము పలువురు తల్లిదండ్రులకు గలదు గనుక మాకు తెలిసినంతవఱకు వివరించుచున్నాము.

ఇంటిపని మన షోలాపురపు తెలుగువారికి క్రొత్త గాదు. మన పెద్దలు ఇంటనే మగ్గము నేసిరి. తల్లులు ఇంటనే బీడీలు చుట్టిరి. 2020లో కరోనా వ్యాపించి కార్యాలయములు మూతపడగా చదువుకొన్నవారికిని ఈ పద్ధతి అలవడినది. గిట్‌ల్యాబ్ వంటి సంస్థలు అంతకుముందునుండియే ఆఫీసు లేకయే నడచుచున్నవి.

దీనివలన పూనాకో హైదరాబాదుకో తరలి అద్దెలు కట్టనక్కఱలేదు. వృద్ధులకు బిడ్డలు తోడుగా నుందురు. యువకులు ఊరనే నిలిచినచో వారి పిల్లలు నాయనమ్మ నోట తెలుగు విని పెరుగుదురు. మనవంటి అల్పసంఖ్యాకులకు ఇది చిన్న మేలు గాదు.

చైనాలో సీట్రిప్ అను ప్రయాణ సంస్థ 2010లో ఆరంభించి తొమ్మిది నెలలు ఒక పరీక్ష జరిపినది. వారమునకు నాలుగు దినములు ఇంటినుండి పనిచేసినవారి పని 13 శాతము పెరిగినది. ఉద్యోగము మానువారు సగమునకు తగ్గిరి. అయినను, సమానముగా పనిచేసినవారిలో ఇంటనున్నవారికి పదోన్నతులు తక్కువగా లభించినవి. ఒంటరితనము భరింపలేక పలువురు తిరిగి ఆఫీసునకే పోగోరిరి.

క్రొత్తగా చేరినవారికి మఱియొక లోటు గలదు. నేతపని నేర్చు బాలుడు తండ్రి చేతులను చూచి నేర్చును. ఇంట నొంటరిగా కూర్చున్నవానికి అట్టి గురువు ప్రక్కన నుండడు. పైగా న్యూయార్కులో ఉదయము 9 గంటలైనప్పుడు మనకు వేసవిలో సాయంకాలము 6.30, చలికాలమున 7.30 అగును. అట్టి సంస్థలో పని రాత్రివేళకు జరుగును.

కావున చేరుటకు ముందే నియామకపత్రము, ప్రావిడెంటు ఫండు, పనివేళలు, పని నేర్పువారెవరు అను విషయములు విచారింపవలెను. విదేశపు కంపెనీలు కొన్ని ఉద్యోగిగా గాక కాంట్రాక్టుపై తీసికొనును. అప్పుడు ఫండు లభింపదు.

ఆ తండ్రిగారికి మేము చెప్పినది ఇంతే: "ఇవి విచారించి చేర్పింపుడు. కాని ఇంటనే యున్నది గదా యని నీళ్ళకు, వంటకు, చుట్టములకు ఆమెను మాటిమాటికి పిలువకుడు. తలుపు మూసియున్నంతసేపు ఆమె ఆఫీసులో నున్నదనియే యెంచుడు."