మీకు తెలుసా? నాందేడ్ రోడ్లకు రూపాయిలో ఎనభై పైసలు కేంద్రమే ఇచ్చింది

1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న గోదావరి తీరపు నాందేడ్, 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకంలో ముంబయి, హైదరాబాద్‌ల సరసన చేరింది. జనాభా పది లక్షలు కూడా లేని ఊరికి ఆ చోటు దక్కింది సిక్కుల పుణ్యక్షేత్రం కావడం వల్లే. 1708లో సిక్కు గురువు గోవింద్ సింగ్ పవిత్ర గ్రంథమైన గ్రంథ్ సాహిబ్‌కు గురుపీఠం అప్పగించింది ఇక్కడే. 2008లో ఆ ఘట్టానికి మూడు వందల ఏళ్లు నిండాయి.

ఆ పథకం కింద రోడ్లు, నీళ్లు, మురుగు కాల్వల పనులకు హైదరాబాద్‌లాంటి మహానగరాలకు కేంద్రం ఇచ్చింది 35 శాతమే. నాందేడ్ స్థాయి ఊళ్లకు 80 శాతం. మిగిలింది రాష్ట్రం పది, మున్సిపాలిటీ పది. చిన్న ఊళ్లకు పన్నుల రాబడి తక్కువ కాబట్టి ఇది న్యాయమైన లెక్క. ఆ డబ్బుతో నాందేడ్‌లో కాలిబాటలతో, సైకిల్ దారులతో రోడ్లు వేశారు.

అక్కడి బస్తీవాసుల ఇళ్లకూ కేంద్రం వాటా 80 శాతమే. కానీ ఇల్లు పూర్తిగా ఉచితంగా రాలేదు: లబ్ధిదారు కనీసం 12 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలైతే 10 శాతం కట్టాల్సి ఉండేది.