రేబిస్ వైరస్‌కూ ఓ వంశవృక్షం: అపోహలు – వాస్తవాలు

మహాశివరాత్రి తర్వాత శ్రీముఖలింగంలో చక్రతీర్థ స్నానాలప్పుడు వంశధార ఇసుకంతా జనమే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లే కాదు, పర్లాకిమిడి వైపు నుంచి ఒడిశా భక్తులూ వస్తారు. జనం ఉన్నచోట ఎంగిలాకులుంటాయి, ఎంగిలాకులున్నచోట కుక్కలుంటాయి. వాటిలో ఒకటి ఎవరినైనా కరిచిందా, టీకొట్టు దగ్గర వైద్యసభ మొదలవుతుంది. పసరు మందు, పథ్యం కబుర్లు పాతవే. కరోనా తర్వాత మరో రకం కబుర్లు వచ్చి చేరాయి: వేరియంట్ అట, మ్యుటేషన్ అట, పక్క రాష్ట్రం రకమట. వినడానికి సైన్సులా ఉంటాయి కాబట్టి ఇవి పసరు కంటే ప్రమాదం. ముందు వీటి సంగతే చూద్దాం.

అపోహ: రేబిస్ వైరస్ కూడా కరోనాలా రూపు మార్చేసింది. పాత టీకా ఇప్పుడు పనిచేయదు.

వాస్తవం: వైరస్ మారుతున్న మాట నిజం. టీకా పనిచేయదన్న మాట అబద్ధం. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా తెలియాలంటే వైరస్ లోపలికి కాస్త తొంగిచూడాలి. రేబిస్ వైరస్ జన్యుపదార్థం సుమారు 12,000 అక్షరాల ఆర్ఎన్ఏ పోగు. అందులో ఉన్నవి ఐదే జన్యువులు. తన నకలు తీసుకునేటప్పుడు దొర్లిన తప్పులు దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. తాళపత్ర గ్రంథానికి ప్రతి రాసిన లేఖకుడు ఒక అక్షరం తప్పు రాస్తే, ఆ ప్రతిని చూసి రాసిన ప్రతులన్నిట్లోనూ అదే తప్పు కనిపిస్తుంది. ఆ తప్పుల్ని పట్టుకునే పండితులు ఏ ప్రతి దేని నుంచి పుట్టిందో చెబుతారు. వైరస్ శాస్త్రవేత్తలు చేసేదీ అదే పని. ఒక కుక్క మెదడులో దొరికిన వైరస్‌నూ, వంద మైళ్ల అవతల ఆవులో దొరికిన వైరస్‌నూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చి, వాటి చుట్టరికం తేలుస్తారు.

అయితే ఈ మార్పు చాలా నింపాది. కరోనా వైరస్‌లో నెలకు సుమారు రెండు అక్షరాలు మారాయి. రేబిస్‌లో ఏడాదికి రెండు మూడు మారడమే ఎక్కువ. కాటు తర్వాత వారాలు, నెలల తరబడి అది శరీరంలో నక్కి ఉంటుంది, పెద్దగా పెరగదు. కీలకమైన చోట అక్షరం మారితే ఆ వైరస్ బతకదు. టీకా మన శరీరానికి గుర్తుపట్టడం నేర్పేది వైరస్ పైపొరలోని జి ప్రొటీన్‌ను. టీకాల తయారీలో వాడే రకాల్లో ఒకటి 1882లో పారిస్‌లో ఒక ఆవు నుంచి పాశ్చర్ బృందం సేకరించిన వైరస్ సంతతి. నూట నలభై ఏళ్లు దాటినా, ప్రపంచంలోని కుక్కల రేబిస్ రకాలన్నిటి నుంచీ దాంతో చేసిన టీకా కాపాడుతూనే ఉంది. ఆఫ్రికాలోని మొకోలా, లాగోస్ బ్యాట్ లాంటి వైరస్‌ల మీద ఈ టీకా పనిచేయని మాట నిజమే గానీ, అవి రేబిస్‌కు దూరపు బంధువులు. మన కుక్కల్లో ఉండేవి కావు.

మరి టీకా వేయించుకున్నా చనిపోయినవాళ్ల సంగతి? 2022లో కేరళలో అలాంటి మరణాలు జరిగినప్పుడు ఇదే అనుమానం దేశమంతా పాకింది. ఇలాంటి మరణాల వెనక సాధారణంగా కనిపించే కారణాలు వేరు: ముఖం, మెడ, చేతివేళ్లు వంటి నరాలు ఎక్కువున్న చోట లోతైన కాటు, ఆలస్యం, గాయం కడగకపోవడం, గాయంలోకి ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించకపోవడం. నింద వైరస్ మీద వేస్తే ఈ లోపాలు దిద్దుకునే అవసరం ఎవరికీ ఉండదు, అంతే!

అపోహ: ఇది ఒడిశా కుక్కలు మోసుకొచ్చిన జబ్బు.

వాస్తవం: ఒడిశావాళ్లు ఇదే మాట మనల్ని అనొచ్చు. మన దేశపు కుక్కల్లో ప్రధానంగా రెండు వంశాల రేబిస్ వైరస్ ఉంది. ఒకటి ఆర్కిటిక్ తరహా వంశం. ఇది ఇక్కడ విస్తరించిన సంగతి 2007లో కెనడా, బెంగళూరు నిమ్హాన్స్ శాస్త్రవేత్తలు కలిసి వెల్లడించారు. పేరు చూసి మంచుదేశం నుంచి దిగుమతైందనుకోనక్కర్లేదు. ధ్రువప్రాంతపు నక్కల్లోని వైరస్, మన కుక్కల్లోని వైరస్ ఒకే మూలం నుంచి చీలిన కొమ్మలని మాత్రమే దాని అర్థం. రెండోది భారత ఉపఖండ వంశం. ఇది దక్షిణ భారతంలో, శ్రీలంకలో కనిపిస్తుంది. రెండు వంశాలూ దేశంలో ఏకకాలంలో తిరుగుతున్నాయని 2014లో మన పరిశోధకులు ప్రచురించారు. నేపాల్, భూటాన్ వైరస్‌లకూ మన వాటితో చుట్టరికం ఉంది. సరిహద్దు రాయి వైరస్‌కు కనపడదు.

ఇంకో ఆసక్తికరమైన సంగతి. పిచ్చికుక్క తనంతట తాను పోయేది తక్కువ దూరమే. టాంజానియాలో ఒక కుక్క నుంచి మరో కుక్కకు జబ్బు అంటుకున్న దూరాలు కొలిస్తే, సగటు కిలోమీటరు కూడా లేదు. వైరస్‌ను వందల కిలోమీటర్లు మోసేది మనిషి. అల్జీరియా, ట్యునీసియా, మొరాకోల్లో జన్యుక్రమాలు పోల్చినప్పుడు వ్యాప్తి రోడ్ల వెంబడే సాగినట్టు 2010లో తేలింది. ఇండొనేసియాలోని బాలి దీవిలో 2008 దాకా రేబిస్ లేదు. ఆ ఏడాది మొదలైన వ్యాప్తికి మూలం మరో దీవి నుంచి ఒక్కసారి వచ్చి పడిన వైరస్సేనని జన్యువులు చెప్పాయి. ఆటోలోనో లారీలోనో టీకా లేని కుక్కపిల్లను ఊరు దాటించేవాళ్లు ఈ కథ వినాలి.

అపోహ: అసలు రేబిస్ అడవిది. నక్క, ముంగిస, గబ్బిలం నుంచే ఊళ్లోకొస్తుంది.

వాస్తవం: మన దగ్గర దారి అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు. నక్కల్లో, ముంగిసల్లో, ఆవుల్లో దొరికే వైరస్‌లు కుక్కల వైరస్ కొమ్మల్లోనే ఒదుగుతాయి. అంటే కుక్క నుంచి వాటికి సోకిందన్నమాట. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లే. కరీబియన్ దీవుల ముంగిసల కథ వింతగా ఉంటుంది. వాటి పూర్వీకులను చెరకు తోటల్లో ఎలుకల్ని పట్టడానికి 1872లో మన దేశం నుంచే జమైకాకు తీసుకెళ్లారు. అక్కడి నుంచి అవి మిగతా దీవులకు చేరాయి. ప్యూర్టోరికోలో ఇప్పుడు రేబిస్‌ను నిలిపి ఉంచుతున్నది ఆ ముంగిసలే. కానీ వాటిలోని వైరస్ మన వంశానిది కాదు, వలస పాలకుల కుక్కలతో లోకమంతా పాకిన వంశానిది. గబ్బిలాల సొంత రేబిస్ అమెరికా ఖండాల ముచ్చట. శ్రీలంకలో పెద్ద గబ్బిలాల్లో గన్నొరువ అనే దగ్గరి బంధువు వైరస్ దొరికింది కాబట్టి గబ్బిలాన్ని చేత్తో పట్టుకోవద్దు. ముంగిస, నక్క కరిచినా టీకా తప్పదు.

అపోహ: ఎండ ముదిరితే కుక్కలకు పిచ్చెక్కుతుంది.

వాస్తవం: ఎండకు వైరస్ పుట్టదు. రేబిస్ ఏడాది పొడవునా ఉంటుంది. కాలంతో లెక్క ఉంటే అది చిత్తకార్తెతోనే. అప్పుడు కుక్కలు గుంపులు కట్టి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. రెండు నెలలకు పిల్లలు పుడతాయి, వాటికి టీకా ఉండదు. పిల్లే కదా అని దాని గాటును వదిలేయకండి.

అపోహ: బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు.

వాస్తవం: గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా తయారీని మన దేశం రెండు దశాబ్దాల కిందటే ఆపేసింది. ఇప్పుడు చేతికి, చర్మంలోకి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు.

అపోహ: పిచ్చికుక్కను తలమీద కొట్టి చంపి పూడ్చేస్తే పీడ విరగడ.

వాస్తవం: ఆ కుక్కతో పాటు సాక్ష్యం కూడా పూడ్చేసినట్టే. రేబిస్ అని తేల్చేదీ, దాని వంశం చెప్పేదీ మెదడు నమూనానే. తల పగిలితే, శవం కుళ్లితే అది పనికిరాకుండా పోతుంది. ఒక ప్రాంతంలో కుక్కలకు టీకాలు వేశాక మళ్లీ ఒక కేసు వచ్చిందనుకోండి. అది అక్కడే మిగిలిపోయిన పాత గొలుసా, బయటి నుంచి కొత్తగా వచ్చిందా? జన్యుక్రమం చూస్తేనే తెలుస్తుంది. మొదటిదైతే మన టీకా కార్యక్రమంలో వీధులు వదిలేశామన్నమాట. రెండోదైతే కుక్కల రవాణా మీద కన్నేయాలి. కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వ్యాప్తి ఆగుతుందని లెక్క. భారత వైద్య పరిశోధన మండలి 2024 అంచనా ప్రకారం దేశంలో ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో చనిపోతున్నారు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలిస్తామని కేంద్రం 2021లో లక్ష్యం పెట్టుకుంది. ఊరూరా నమూనాలు పంపకుండా ఆ లక్ష్యం చేరామో లేదో చెప్పడం కూడా కుదరదు.

కాబట్టి చొంగ కారుస్తూ, దారి తప్పినట్టు తిరిగి చచ్చిన కుక్కను ముట్టుకోకండి. పిల్లల్ని దూరంగా ఉంచి, పశువైద్యుడికి గానీ 1962 నంబరుకు గానీ చెప్పండి. ఏటా జులై 6న పశుసంవర్ధక శాఖ ఉచితంగా టీకాలు వేస్తుంది, ఇంటి కుక్కతో పాటు వీధి కుక్కనూ తీసుకెళ్లండి. కాటు పడితే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. వైరస్ మీది కొవ్వు పొర సబ్బుకు కరిగిపోతుంది, కారానికి, పసరుకు కరగదు. కడిగిన వెంటనే, ఆ రోజే, ఆస్పత్రికి వెళ్లండి.