నగర ఉద్యానవనాలకు నిధులు: న్యూయార్క్ అనుభవం

ఒక ఉద్యానవనం మీద నగరపాలక సంస్థ పెట్టే ఖర్చు రెండు ఖాతాల కింద నడుస్తుంది. పాడైన నడకదారులను తిరిగి వేయడం, ప్రహరీ కట్టడం, వాననీటి కాలువలను మార్చడం, పిల్లల ఆటస్థలాన్ని కొత్తగా నిర్మించడం వంటివి మూలధన వ్యయం కిందికి వస్తాయి. గడ్డి కోయడం, చెట్లకు నీరు పెట్టడం, చెత్త ఎత్తడం, కాపలా కాయడం వంటి నిత్యకృత్యాలన్నీ నిర్వహణ వ్యయం. మొదటిదానికి న్యూయార్క్ వంటి నగరాలు ప్రధానంగా బాండ్లు జారీచేసి, అంటే మదుపుదారుల దగ్గర దీర్ఘకాలిక అప్పు తెచ్చి డబ్బు సమకూర్చుకుంటాయి. రెండవది ఏటా వసూలయ్యే పన్నుల నుంచే రావాలి. అప్పు సొమ్ముతో చేపట్టే పని సాధారణంగా కనీసం 5 ఏళ్లు మన్నేదై ఉండాలన్నది న్యూయార్క్ నిబంధన కనుక, ఆ సొమ్ముతో ఆటస్థలం కట్టవచ్చు గాని తోటమాలికి జీతం ఇవ్వడానికి వీల్లేదు. ఎంతో ఖర్చుతో బాగుచేసిన పార్కు కొన్నేళ్లకే మళ్లీ పాడుపడడానికి కారణం తరచుగా ఇక్కడే ఉంటుంది.

న్యూయార్క్ భూభాగంలో దాదాపు 14 శాతం, అంటే 30,000 ఎకరాలకు పైగా, ఉద్యానవన శాఖ అధీనంలో ఉన్నప్పటికీ నగర బడ్జెట్లో ఆ శాఖ వాటా చాలాకాలంగా ఒక శాతానికి మించడం లేదు. 1975లో నగరం దివాలా అంచుకు చేరి, దాని బాండ్లను కొనేవారే కరవైనప్పుడు ఉద్యానవన సిబ్బందిపై కోత పడింది, మరమ్మతులు నిలిచిపోయాయి. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ 1858లో సమర్పించిన ప్రణాళిక ప్రకారం ప్రజాధనంతో నిర్మితమైన 843 ఎకరాల సెంట్రల్ పార్కు కూడా ఆ దశకంలో మట్టి తేలిన పచ్చికబయళ్లతో, విరిగిన బెంచీలతో శిథిలావస్థకు చేరింది.

ఈ పరిస్థితిలో 1980లో సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీ ఏర్పడింది. కన్సర్వెన్సీ అంటే ఒక ఉద్యానవనం కోసం దాతల నుంచి విరాళాలు సేకరించి, నగరంతో ఒప్పందం మేరకు దాని పునరుద్ధరణను, పోషణను చూసే లాభాపేక్ష లేని సంస్థ. భూమి మాత్రం నగరానిదే. 1998 నాటి ఒప్పందంతో రోజువారీ నిర్వహణ కూడా లాంఛనంగా ఈ సంస్థకే దక్కింది, వార్షిక వ్యయంలో అధిక భాగాన్ని అదే భరిస్తోంది. 2012లో జాన్ పాల్సన్ అనే మదుపు సంస్థ అధిపతి ప్రకటించిన 10 కోట్ల డాలర్ల విరాళంలో సగాన్ని శాశ్వత నిధికి, అంటే అసలును కదపకుండా దానిపై వచ్చే రాబడిని మాత్రమే వాడుకునే నిధికి కేటాయించారు. తోటమాలి జీతం ఏటేటా బడ్జెట్ దయ మీద ఆధారపడకుండా చేసే ఉపాయం ఇది, కన్సర్వెన్సీల అనుభవంలో అందరూ నేర్చుకోదగిన భాగం కూడా ఇదే.

అయితే దాత సహజంగా తన కిటికీలోంచి కనిపించే పార్కుకే ఇస్తాడు. సెంట్రల్ పార్కు చుట్టూ దేశంలోనే అత్యంత ఖరీదైన ఇళ్లలో కొన్ని ఉన్నాయి. అదే నగరంలోని బ్రాంక్స్‌లో కార్మికులు నివసించే పేటలోని ఆటస్థలానికి అటువంటి ఇరుగుపొరుగు లేదు. పైగా అమెరికాలో ఈ విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్నందువల్ల దాత ఇచ్చిన సొమ్ములో కొంత భాగం పరోక్షంగా ప్రజల ఖజానా నుంచి వెళ్లినట్టే లెక్క. ఆ కొంత భాగం కూడా సంపన్న ప్రాంతానికే చేరుతోంది. 2013లో రాష్ట్ర సెనేటర్ డేనియల్ స్క్వాడ్రన్ పెద్ద కన్సర్వెన్సీల బడ్జెట్లో 20 శాతాన్ని పేద ప్రాంతాల పార్కులకు మళ్లించాలని ప్రతిపాదించినప్పుడు, అలా చేస్తే దాతలు వెనక్కి తగ్గుతారన్న అభ్యంతరం వచ్చింది, ఆ ప్రతిపాదన చట్టం కాలేదు.

చుట్టుపక్కల ఆస్తుల రుసుముల మీద, అద్దెల మీద నడిచే పద్ధతులూ న్యూయార్క్‌లో ఉన్నాయి: బ్రయంట్ పార్కు చుట్టుపక్కల ఆస్తుల యజమానులు చెల్లించే ప్రత్యేక రుసుముతోను, ఉపాహారశాలల అద్దెలతోను నడుస్తుండగా, బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్కు తన స్థలంలోనే కొంత భాగంలో వెలసిన నివాస భవనాల, హోటల్ రాబడితో నడుస్తుంది. భూమి ధర ఆకాశాన్ని అంటే చోట తప్ప ఇవి సాగవు.

ప్రజాధనం సైతం సమంగా పంపిణీ కాలేదు. పార్కుల పునరుద్ధరణకు మూలధనం చాలావరకు నగర మండలి సభ్యులు, బరోల (నగరంలోని అయిదు పాలనా విభాగాల) అధ్యక్షులు తమ విచక్షణ మేరకు కేటాయించే నిధుల నుంచి వచ్చేది కాబట్టి, అడిగే బలం లేని పేటల వంతు ఎన్నేళ్లయినా రాలేదు. 2014లో మేయర్ బిల్ డి బ్లాసియో ప్రభుత్వం ఈ చరిత్రనంతా ఒకే ప్రశ్నతో బయటపెట్టింది: గత 20 ఏళ్లలో ఏ పార్కు మీద ఎంత మూలధనం ఖర్చయింది? రెండున్నర లక్షల డాలర్లకు మించి అందుకోని పార్కులు 215 తేలాయి. జనసాంద్రత, పేదరికం ఎక్కువగా ఉన్న ప్రాంతాలలోని 35 పార్కులను మొదటి విడతగా ఎంచుకొని 13 కోట్ల డాలర్లతో కమ్యూనిటీ పార్క్స్ ఇనిషియేటివ్ మొదలైంది, తరువాత మరిన్నింటికి విస్తరించింది. 2016లో అయిదు బరోలలోను ఒక్కొక్క పెద్ద పార్కుకు 3 కోట్ల డాలర్ల చొప్పున మరో పథకం వచ్చింది. దాత ఔదార్యం గాని, సభ్యుని పలుకుబడి గాని కొలవలేని అవసరాన్ని ఆ 20 ఏళ్ల లెక్క కొలిచింది. న్యూయార్క్ చేసిన ప్రయత్నాలలో అన్నిటికన్నా న్యాయమైనది అదే.

ఎవరికి ముందు అన్న ఈ ప్రశ్న మన నగరాలకూ ఉంది. భారతదేశంలో 2015 జూన్‌లో 500 నగరాల కోసం 50,000 కోట్ల రూపాయల కేంద్ర సాయంతో ప్రారంభమైన అమృత్ పథకం ప్రధానంగా తాగునీటికి, మురుగునీటి వ్యవస్థకు ఉద్దేశించినది. పార్కులకు అందులో 2.5 శాతం వరకు అనుమతించారు. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలు ఆ జాబితాలో చేరాయి. ఇంత చిన్న వాటాను పంచేటప్పుడు ఏ కాలనీ పార్కుకు ముందు ఇవ్వాలన్న ప్రశ్న మరింత బరువైనది. ఒక్కొక్క పార్కు మీద రెండు దశాబ్దాలలో జరిగిన ఖర్చును వార్డులవారీగా పట్టిక వేసి, ఆ పార్కును పోషించడానికి ఏటా అయ్యే ఖర్చును పక్క గడిలో చూపి, కొత్త ఫౌంటెన్‌కు టెండరు పిలవడానికి ముందే కౌన్సిల్ ముందుంచడం ఏ నగరపాలక సంస్థకైనా సాధ్యమైన పని.