మీకు తెలుసా? సిపాయిల గుడారాలే సికింద్రాబాద్ అయ్యాయి!

నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా హైదరాబాద్ వెళ్లే మనవాళ్లకు సికింద్రాబాద్ కొత్తేమీ కాదు. అయితే అది కంటోన్మెంట్‌గా పుట్టిన ఊరని ఎందరికి గుర్తుంటుంది?

1798లో నిజాం, ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేశాయి. 1806లో ఆ దండుకు మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అక్కడ వాడే సరుకు మీద దిగుమతి సుంకం ఎత్తేయడంతో వ్యాపారులు ఎగబడ్డారు. సిపాయి జీతం ఉన్నచోట బేరం ఉండదా మరి! రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ అలా వెలిసినవే. మద్రాసు పటాలాలతో పాటు అరవ కుటుంబాలూ వచ్చి స్థిరపడ్డాయి. 1813లో సెయింట్ జాన్స్ చర్చి లేచింది. 1874లో రైలూ వచ్చింది.

రోమన్లదీ ఇదే దారి. బ్రిటన్‌లో క్రీ.శ. 43 తర్వాత కట్టిన కోట, 49 నాటికి విశ్రాంత సైనికుల ‘కొలోనియా’గా మారింది. అదే నేటి కోల్చెస్టర్. అక్కడ పాత సైనికులకు భూములిచ్చారు. ఇక్కడ ఊరు పెంచింది మాత్రం బజారు.

జగ్గయ్యపేట కథ వేరు. బేతవోలు దగ్గర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట కావాలనే కట్టించిన పేట అది.

సికింద్రాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ 1960లో హైదరాబాద్‌లో కలిసిపోయింది. కంటోన్మెంట్ బోర్డు మాత్రం విడిగానే మిగిలింది.