చూడు.. తప్పుకో!

మబ్బుతునక లేని ఆకాశం. పట్టపగలు. అయినా ఓ చిన్న విమానం, ఓ హెలికాప్టర్‌ న్యూయార్క్‌ మహానగరం పక్కనే గాల్లో ఢీకొన్నాయి. తొమ్మిది ప్రాణాలు నదిలో కలిసిపోయాయి. అంత వెలుగులో ఒకరికొకరు ఎందుకు కనిపించలేదు?

హడ్సన్‌ నది అనగానే చాలామందికి గుర్తొచ్చే తేదీ 2009 జనవరి 15. పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ చచ్చుబడిపోతే కెప్టెన్‌ సలెన్‌బర్గర్‌ ఆ విమానాన్ని నీళ్లమీద దించాడు. అందులోని 155 మందీ బతికి బయటపడ్డారు. ఆ కథ సినిమాగానూ వచ్చింది. అదే నది మీద, ఏడు నెలలైనా తిరక్కుండానే జరిగిన మరో ప్రమాదం మాత్రం అంతగా ఎవరికీ గుర్తులేదు. అద్భుతాలకున్న ఆయుష్షు విషాదాలకు ఉండదేమో!

అది ఆగస్టు 8. శనివారం. నదికి ఆవల న్యూజెర్సీలో ఉన్న టెటర్‌బరో విమానాశ్రయం నుంచి ఒంటి ఇంజిన్‌ పైపర్‌ విమానం ఒకటి గాల్లోకి లేచింది. అందులో ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురున్నారు. మనవాళ్లు కారేసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లొచ్చినట్టు, అమెరికాలో సొంత విమానమున్నవాళ్లు అలా వెళ్లొస్తుంటారు. వీళ్లు కూడా బయల్దేరింది ఓషన్‌ సిటీ అనే తీరపట్టణానికే.

కాసేపటికి నదికి ఇటువైపు, మన్‌హటన్‌ ఒడ్డునున్న హెలిపోర్ట్‌ నుంచి ఓ హెలికాప్టర్‌ లేచింది. ఇటలీ నుంచి వచ్చిన అయిదుగురు పర్యటకులు, ఒక పైలట్‌. పైనుంచి నగరాన్నీ స్వేచ్ఛాప్రతిమనూ చూపించి తీసుకొచ్చే కొద్ది నిమిషాల విహారం అది. నదిని దాటి, దక్షిణానికి తిరిగి, హెలికాప్టర్‌ మెల్లగా పైకెక్కుతోంది. వెనకనుంచి విమానం అంతకంటే వేగంగా వస్తోంది.

ఉదయం 11 గంటల 53 నిమిషాలకు, హోబోకెన్‌ దగ్గర, సుమారు 1,100 అడుగుల ఎత్తున రెండూ ఢీకొన్నాయి. విమానం కుడి రెక్క తెగిపోయింది. రెండూ నదిలో పడ్డాయి. తొమ్మిదిమందిలో ఒక్కరూ మిగల్లేదు. ఒడ్డున సెలవురోజు ఎండలో తిరుగుతున్న జనం ఆ దృశ్యాన్ని కళ్లారా చూశారు. ఓ పర్యటకుడి కెమెరాలో అది నమోదైంది కూడా.

ఇరుకు సందు

న్యూయార్క్‌ చుట్టూ కెనడీ, లా గార్డియా, న్యూఆర్క్‌... మూడు పెద్ద విమానాశ్రయాలు. ఆకాశంలో చాలా భాగం వాటికొచ్చే జెట్‌లదే. మరి చిన్న విమానాలు ఎటు పోవాలి? వాటికోసం నదికి పైన 1,100 అడుగుల లోపు ఓ దారి వదిలారు. పెద్ద రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులాగా అన్నమాట. ఆ దారిలో ‘నువ్వు ఎడమకు తిరుగు, నువ్వు కిందికి దిగు’ అని చెప్పే కంట్రోలర్‌ ఉండడు. పైలట్లే ఒక ఉమ్మడి రేడియో ఫ్రీక్వెన్సీలో ‘నేను ఫలానా చోట ఉన్నా’ అని చెప్పుకోవాలి. కళ్లు విప్పుకుని ఎదుటివాణ్ని చూసి తప్పుకోవాలి. చిన్న విమానాల లోకంలో ఇదే మూలసూత్రం... చూడు, తప్పుకో. ప్రమాదానికి ముందటి రోజుల్లో అలా చూసుకుంటూ ఆ చుట్టుపక్కల తిరిగినవి రోజుకు రెండొందలకు పైనే!

ఆ ఫోను

ఆ రోజు టెటర్‌బరో టవర్‌లో పైపర్‌ను చూస్తున్న కంట్రోలర్‌ ఓ ఫోను మాట్లాడుతున్నాడు. ఉద్యోగానికి సంబంధించింది కాదు. విమానాశ్రయంలో చచ్చిపడున్న పిల్లి గురించి హాస్యాలు! ఆ మాటల మధ్యే పైపర్‌ పైలట్‌కు ‘ఇక న్యూఆర్క్‌తో మాట్లాడు’ అని చెప్పి ఫ్రీక్వెన్సీ ఇచ్చాడు. 127.85 అని చెబితే పైలట్‌ దాన్ని తప్పుగా తిరిగి చదివాడు. అలా తిరిగి చదివించేది తప్పుంటే దిద్దడానికే. ఎవరూ దిద్దలేదు.

అక్కడ న్యూఆర్క్‌ కంట్రోలర్‌ తన తెరమీద ఆ దారిలో ఇతర హెలికాప్టర్లుండటం గమనించి, ‘ఆ విమానాన్ని పక్కకు తిప్పు’ అని టెటర్‌బరోకు చెప్పాడు. టెటర్‌బరో నుంచి పిలిచారు. జవాబు రాలేదు. అప్పటికి అర నిమిషం కూడా లేదు.

ఫోను మాట్లాడినవాడిదే తప్పని తేల్చేస్తే పని సులువయ్యేది. పత్రికలు మొదట రాసిందీ దాని గురించే. కానీ ఏడాది పైగా దర్యాప్తు చేసిన అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 2010 సెప్టెంబరులో కారణాలు ప్రకటించినప్పుడు, ఆ ఫోనుతో పాటే మరో మాట రాసింది. ‘చూడు, తప్పుకో’ అనే సూత్రానికే పరిమితులున్నాయంది.

కదలని చుక్క

పొలాల మధ్య రోడ్డు మీద బండి నడిపేవాళ్లకు ఇది అనుభవమే. పక్క రోడ్డులో లారీ వస్తుంటుంది. మన చూపులో అది ముందుకో వెనక్కో జరుగుతుంటే ఫర్వాలేదు. ఎంతసేపటికీ ఒకేచోట అతికించినట్టు నిలబడి ఉందంటే, కూడలి దగ్గర ఇద్దరూ ఒకేసారి చేరతారన్నమాట! గాల్లోనూ అంతే. తిన్నగా వెళ్తూ ఢీకొనబోయే విమానం అద్దంలో కదలని చుక్కలా ఉంటుంది. మన కన్నేమో కదిలేదాన్నే చప్పున పట్టుకుంటుంది. కదలనిదాన్ని వదిలేస్తుంది.

పైపర్‌ పైలట్‌కు జరిగిందదే. చివరి సెకన్ల దాకా హెలికాప్టర్‌ అతనికి చిన్నగా, కదలకుండా, అదీ వెనకనున్న భవనాల గజిబిజిలో కలిసిపోయి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. తీరా అది పెద్దదవడం మొదలయ్యాక మిగిలేది ఎంత? ఎదురుగా ఉన్నది విమానమని గుర్తించి, ఎటు తిప్పాలో నిర్ణయించుకుని, తిప్పి, అది తిరిగేదాకా 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ లెక్క. ఇక హెలికాప్టర్‌ పైలట్‌ సంగతి చెప్పనక్కర్లేదు. వెనకనుంచి వచ్చేదాన్ని చూడటానికి వీపున కళ్లుండవు కదా!

పెద్ద విమానాల్లో ఇలాంటప్పుడు ‘ఎక్కు, దిగు’ అని అరిచే యంత్రాలుంటాయి. వాటి వెనకా విషాదాలే ఉన్నాయి. 1986లో కాలిఫోర్నియాలోని సెరిటోస్‌ మీద ప్రయాణికుల జెట్‌ను చిన్న పైపర్‌ విమానం ఢీకొని 82 మంది చనిపోయాక అమెరికా వాటిని తప్పనిసరి చేసింది. 1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు భారీ విమానాలు ఢీకొని 349 మంది బలయ్యాక మన దేశమూ అదే బాట పట్టింది. హడ్సన్‌ మీద ఢీకొన్న రెండింటిలో అంతటి యంత్రం లేకపోయినా, చుట్టుపక్కల ఎవరున్నారో చూపే సమాచారం అందే ఏర్పాటుంది. దాన్ని పైలట్లు సరిగ్గా వాడుకోలేదంది దర్యాప్తు. అంత రద్దీలో ఆ తెర మీద ఎన్ని చుక్కలు కనిపిస్తాయో, వాటిలో దేన్ని చూసి భయపడాలో... కింద కూర్చుని చెప్పడం తేలికే.

ప్రమాదం జరిగిన మూడు నెలలకే, నవంబరులో దారి మారింది. నగరం చూపించే హెలికాప్టర్లు వెయ్యి అడుగుల లోపే తిరగాలి. ఆగకుండా దాటిపోయే విమానాలు వెయ్యికీ 1,300కీ మధ్య పోవాలి. దక్షిణానికి వెళ్లేవి పడమటి ఒడ్డు వెంబడి, ఉత్తరానికి వెళ్లేవి తూర్పు ఒడ్డు వెంబడి సాగాలి. వేగం గంటకు 260 కిలోమీటర్లు దాటకూడదు. లైట్లు వెలుగుతూనే ఉండాలి. అప్పటిదాకా మంచి అలవాటుగా ఉన్న రేడియో ప్రకటన తప్పనిసరయింది.

దాంతో ఉత్తరం నుంచి వచ్చే పైలట్‌ ఆల్పైన్‌ టవర్‌ దగ్గర మొదలుపెడతాడు. తన ఎత్తు, వెళ్లే దిక్కు చెబుతాడు. తర్వాత జార్జ్‌ వాషింగ్టన్‌ వంతెన. తర్వాత ఇంట్రెపిడ్‌ యుద్ధనౌక. అది దాటి, తొమ్మిదిమంది పడిపోయిన నీళ్ల మీదుగా సాగి, జెర్సీ సిటీ ఒడ్డునున్న పెద్ద గడియారం దగ్గరికి రాగానే మళ్లీ రేడియోలో పలుకుతాడు... ‘క్లాక్‌, దక్షిణానికి.’