పాత రేకుల షెడ్ కొంటున్నారా? కిలో రేటు కంటే ముందు కాళ్లు చూడండి

ఎక్కడైనా కోళ్లఫారం మూసేశారనో, పాత గోడౌన్ తీసేస్తున్నారనో తెలిస్తే "ఆ షెడ్ మాకిస్తారా?" అని అడిగేవాళ్లు మన ఊళ్లలో చాలామందే. జొన్నాడ చుట్టుపక్కల అరటి, కొబ్బరి వేసుకునే కుటుంబానికి ఎరువుల బస్తాలు పెట్టుకోడానికి, రెండు గేదెలు కట్టుకోడానికి ఒక నీడ కావాలి. కొత్తది వేయించాలంటే అప్పు, అప్పంటే వడ్డీ. వడ్డీ జోలికి పోకూడదనుకునే ఇంటికి పాత షెడ్ మంచి దారే.

ఇది కొత్త సంగతీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికా నౌకాదళం 1941 నుంచి 'క్వాన్‌సెట్ హట్' అనే ఇనుప షెడ్లు సుమారు లక్షన్నర చేయించింది. యుద్ధం అయ్యాక మిగిలినవాటిని జనానికి అమ్మేశారు. వాటిలో కొన్ని పొలాల్లో కొట్టాలయ్యాయి.

కొనేముందు

రంగు చూసి మోసపోవద్దు. తుప్పు ముందు పట్టేది స్తంభం అడుగున, నేలను తాకే చోట. అక్కడ మట్టి తీయించి సుత్తితో కొట్టి చూడండి. పొరలు పొరలుగా రాలితే ఆ ముక్క కోసి కొత్తది అతికించాల్సిందే. పైకప్పు సిమెంటు రేకులైతే వదిలేయండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, విప్పేటప్పుడు పగిలి లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

అమ్మేవాళ్లకూ ఒక మాట. ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స) మోసం చేసేవాణ్ణి తనవాడు కాదన్నారు. తుప్పు మీద రంగు పూసి అమ్మడం కూడా అలాంటిదే.

లెక్క ఇలా వేయండి

ఇనుము కిలో రేటు ఒక్కటే ఖర్చు కాదు. విప్పే కూలి, లారీ, క్రేన్, కొత్త పునాది, కొత్త బోల్టులు, రంగు అన్నీ కలపండి. చదరపు అడుగుకు ఎంత పడిందో తేల్చి, కొత్త షెడ్ కొటేషన్ పక్కన పెట్టండి. తేడా కొంచెమే అయితే కొత్తదే మేలు. అమ్మినాయన దగ్గర రాసిన బిల్లు తప్పకుండా తీసుకోండి.

విప్పేటప్పుడు

గ్యాస్ కటింగ్‌తో కోసేస్తే పని త్వరగా అవుతుంది, కానీ స్తంభం పొట్టిదవుతుంది, అడుగు ప్లేటు పోతుంది. బోల్టులు విప్పించండి. ప్రతి ముక్కకీ పెయింట్‌తో నంబరు వేసి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అడుగు ప్లేట్ల రంధ్రాల కొలత ముందే తీసుకుంటే కొత్త పునాదిలో బోల్టులు సరిగ్గా కుదురుతాయి. కాంక్రీటు పోసేముందు రెండు మూలమట్టాలూ కొలవండి. రెండూ సమానంగా ఉంటేనే షెడ్ చదరంగా నిలబడుతుంది.

అసలు భయం గాలి

1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని ఎలా కూల్చిందో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. మన కోస్తాలో విశాఖ, విజయవాడలకు డిజైన్ కోసం ప్రమాణాల్లో పెట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పెట్టగలదు. అంతే చోట అర మిల్లీమీటరు రేకు బరువు సుమారు 4 కిలోలే. అంటే కప్పు కింద పడుతుందని కాదు, పైకి లేచిపోతుందని భయపడాలి.

అందుకే పాత బోల్టులు మళ్లీ వాడొద్దు. రబ్బరు వాషర్లతో కొత్తవి వేయించండి. కప్పు అంచుల్లో, మూలల్లో గాలి ఎక్కువ లాగుతుంది కాబట్టి అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. ఏటవాలుగా వేసే అడ్డ కడ్డీలను "ఎందుకులే" అని స్క్రాప్‌కి వేయొద్దు, షెడ్ పక్కకు ఒరగకుండా ఆపేది అవే. పునాది బరువుగా, లోతుగా ఉండాలి. ఎంత లోతో మీ మట్టి చూసిన ఇంజనీరును అడగండి.

గోదావరి పక్క చేనైతే 2022 జూలై వరద మీ పొలంలో ఎంతవరకు వచ్చిందో గుర్తు చేసుకుని, గచ్చు దానికన్నా ఎత్తున వేయండి.

మేస్త్రీకి ఆఖరి డబ్బులు ఇచ్చేముందు నిచ్చెన వేయించి మూలల్లో బోల్టులు మీరే చూడండి. ఇన్షా అల్లాహ్, ఆ అరగంట మీ షెడ్‌నీ, కింద కట్టేసిన గేదెల్నీ కాపాడుతుంది.